మీ ఇష్టం వచ్చిన చోట

"ఒకటి... ఎత్తు. రెండు... ఆపు. మూడు... దించు."

చెయ్యి లేచింది, ఆగింది, దిగింది. లేపిందీ, ఆపిందీ, దించిందీ కూడా డ్రిల్లు మాస్టారే. మంచం పక్కన ఒంటి మోకాలి మీద కూర్చుని, భార్య కుడి మణికట్టు ఒక చేత్తో పట్టుకుని, మోచేతి కింద రెండో అరచెయ్యి ఆనించి, బడిలో పిల్లలకు చెప్పే గొంతుతోనే చెబుతున్నారు. ఆ చెయ్యి మాత్రం తడిసిన తువ్వాలులా ఆయన చేతుల్లో వేలాడుతోంది. ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, మళ్లీ ముడుచుకోకుండా మధ్యలో గుడ్డచుట్ట పెట్టారు.

"మళ్లీ. ఒకటి..."

"ఈల వెయ్యండి," అంది ఆవిడ. పక్షవాతం వచ్చాక మూతి ఒక పక్కకి లాగేసింది. మాట ముద్దముద్దగా వస్తుంది. అయినా మాటలో విరుపు పోలేదు. "ఈలేస్తే... భయపడి లేస్తుందేమో."

"హాస్యాలు ఆపి, చూపు చేతి మీద పెట్టు."

"పెట్టాను. అదే నా వంక చూడట్లేదు."

మాస్టారికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ మింగి, మళ్లీ 'ఒకటి' అన్నారు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు చెప్పిన మాట ఆయన చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. "చలికాలం దాటేలోగా ఈ చేతిలో కదలిక రావాలండీ. అప్పటికీ రాలేదంటే ఇక ఆశ పెట్టుకోకండి." కాలు ఈడ్చుకుంటూనైనా ఆవిడ నాలుగడుగులు వేస్తోంది. ఎడమ చేత్తో తన అన్నం తను తింటోంది. కుడి చెయ్యి ఒక్కటే మొరాయించి కూర్చుంది. పొద్దున్నే కిటికీ అద్దానికి పట్టే తేమ ఈమధ్య పట్టడం లేదు. చలికాలం వెళ్లిపోతోందని ఆ అద్దాన్ని చూసినప్పుడల్లా మాస్టారికి గుండె జారిపోతోంది.

కసరత్తులు చెప్పడానికి ఆస్పత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. "మీరు ఎత్తకండి బాబాయ్‌గారూ," అనేది. "ఆవిడకి కావలసిందేదో కాస్త దూరంలో పెట్టి ఊరుకోండి. చెయ్యే దారి వెతుక్కుంటుంది." మాస్టారు ఒకసారి అదీ చేశారు. మంచినీళ్ల గ్లాసు కుడిపక్క స్టూలు మీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ గ్లాసు వంక చూసింది. భుజం వణికింది, నుదుట చెమట పట్టింది, చెయ్యి పక్క మీంచి లేవలేదు. కళ్లు తిప్పి ఆయన వంక చూసింది. అంతే, ఆయన లేచి గ్లాసు ఆమె నోటికి అందించేశారు. చెప్పేవాళ్లకేం, చెప్పి వెళ్లిపోతారు. దాహంతో ఉన్న మనిషిని చూస్తూ కూర్చోవలసింది తను కదా అనుకున్నారు.

"అన్నయ్యగారూ, కవాతు అయిందా?" అంటూ పక్క వాటావిడ లోపలికి వచ్చింది. పగలంతా మంచం దగ్గర కాపలా ఆవిడే. "వదినని ఇక నాకొదిలి బయల్దేరండి. ఇవాళ మీకేదో పరీక్షట కదా."

"పరీక్ష కాదమ్మా. మేం పాఠం చెబుతుంటే చూడ్డానికెవరో వస్తున్నారు."

"ఎవరొచ్చి చూసినా... ఈయన మారరు," అంది మంచం మీది మనిషి. "పెళ్లిచూపుల్లో కూడా... అటెన్షన్‌లో నించున్నారు."

పక్క వాటావిడ పడీపడీ నవ్వింది. మాస్టారు తెల్ల కాన్వాసు బూట్లకు ముడులు బిగించుకుని, పాంటు మడత నలగకుండా సైకిలెక్కారు.

వీధి మలుపులో ఇస్త్రీ బండివాడు, పాల డిపో ముందు నిలబడ్డ ఆడవాళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్, అందరికీ ఆయన ఈల మాస్టారే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చాలాకాలంగా ఆ ఒక్క బడిలోనే, ఆ ఒక్క మైదానంలోనే పని చేస్తున్నారు. మైదానమంటే పెద్దదేమీ కాదు. మూడు పక్కల గోడ, నాలుగో పక్క తరగతి గదులు, మూల దూకడానికి ఇసుక గుంట. ఆ ఇసుకలో గాజుపెంకు ఉందేమోనని రోజూ పిల్లలకంటే ముందు ఆయన వేళ్లతో వెతుకుతారు. ఆయన చేతికింద ఒక్క పిల్లకీ ఎముక విరగలేదు. తన చిన్నప్పుడు తనకి డ్రిల్లు నేర్పినవాడు బెత్తంతో నేర్పాడు. మాస్టారు బెత్తం పట్టలేదు. కానీ మాట మాత్రం అదే మాట. నేను చూపిస్తాను, మీరు చెయ్యండి. నేను ఈల వేస్తాను, మీరు కదలండి. ఒకసారి వంటషెడ్డు అంటుకుని పొగ బడంతా కమ్మేసినప్పుడు, ఆయన ఈల వెంట పిల్లలందరూ వరసగా, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని బయటికి వచ్చేశారు. ఒక్కరికి కూడా చర్మం కమల్లేదు. ఆ మాట ఇప్పటికీ హెడ్మిస్ట్రెస్ చెబుతూ ఉంటుంది.

ఈ ఏడు ఒక కొత్త టీచరు వచ్చింది. చిన్నమ్మాయి. ఆవిడ ఏదీ చేసి చూపించదు. "బంతి గోడకి తగిలి మళ్లీ నీ చేతికే రావాలంటే ఎలా విసరాలి?" అని అడిగి, చేతులు కట్టుకుని నించుంటుంది. పిల్లలు అరుస్తారు, గొడవపడతారు, గోడ అవతలికి విసురుతారు, చివరికెలాగో పట్టుకుంటారు. ఆవిడకి ప్రశ్నల టీచరని పేరు పడిపోయింది. ఏది మంచి పద్ధతో తేల్చుకుందామని హెడ్మిస్ట్రెస్ ఒకే తరగతిని రెండుగా విడగొట్టి, ఒక సగం మాస్టారికీ, ఒక సగం ఆవిడకీ అప్పగించింది. ఇవాళ పై ఆఫీసు నుంచి ఆటల పరిశీలకురాలు వచ్చి రెండూ చూసి వెళుతుంది.

"ఏం మాస్టారూ, ఇవాళ కుస్తీ పోటీయా?" స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు టీ ఊదుకుంటూ పలకరించాడు.

"పోటీ కాదండీ. పోల్చి చూడటమట."

"మా ఇంట్లో మా అమ్మ వంటా మా ఆవిడ వంటా పోల్చి చూశానొకసారి. రాత్రి ఇద్దరూ వండలేదు."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు కానీ, ఆయన మనసు ఇంటి దగ్గరే ఉంది. గుడ్డచుట్ట జారిపోయి ఉంటుందా, పక్క వాటావిడ చూసుకుని మళ్లీ పెట్టి ఉంటుందా అని.

ముందు ఆయన వంతు. పిల్లలు ఎత్తు ప్రకారం వరసలో నించున్నారు. మాస్టారు తనే పరుగెత్తి వచ్చి, గీత మీద కాలు వేసి, ఇసుకలోకి దూకి, మోకాళ్లు మడిచి దిగి చూపించారు. ఈ వయసులో ఆయన అలా దూకుతారని ఊహించని పరిశీలకురాలు చప్పట్లు కొట్టింది. తర్వాత ఈల. ఒక పిల్ల, ఈల, ఇంకో పిల్ల. అందరి కాళ్లూ ఒకే గీత మీద పడ్డాయి. అందరి మోకాళ్లూ ఒకేలా వంగాయి. దూకినవాళ్లు వెనక్కి వెళ్లి వరస చివర నించున్నారు. చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది.

"గడియారంలా ఉందండీ," అంది పరిశీలకురాలు. ఆ మాట మెచ్చుకోలో కాదో మాస్టారికి తెలియలేదు.

తర్వాత కొత్త టీచరు. రెండు పొడవాటి తాళ్లు నేల మీద పరిచింది. ఒక చివర అవి దగ్గరగా, జానెడు దూరంలో ఉన్నాయి. పోనుపోను విడిపోయి, రెండో చివర పెద్దవాళ్లు కూడా దాటలేనంత వెడల్పు.

"ఇది కాలువ. కాలు తడవకుండా దాటాలి. మీ ఇష్టం వచ్చిన చోట దూకండి," అని పక్కకి తప్పుకుంది.

ఒకటే గోల. ఒకడు సరాసరి వెడల్పాటి చివరకి పరుగెత్తి 'నీళ్లల్లో' పడి, ఈదుతున్నట్టు చేతులు ఆడించాడు. ఇద్దరు చేతులు పట్టుకుని దూకారు. ఒకరి నెత్తి ఒకరికి తగిలింది. వరసా లేదు, పద్ధతీ లేదు. మాస్టారి అరికాళ్లు దురద పెట్టాయి. ఈల మీదికి పోబోయిన చేతిని ఆయన వెనక్కి కట్టేసుకున్నారు.

అప్పుడు ఒక పిల్ల కనపడింది. ఒక కాలు కాస్త పొట్టి. నడిస్తే ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. పోయినేడు ఆయన దగ్గరే ఉండేది. పాపం పడిపోతుందేమోనని ఆయన ఏనాడూ దూకనివ్వలేదు. అందరి చెప్పులూ ఒక చోట పెట్టించి, వాటి పక్కన కూర్చోమనేవారు. ఇప్పుడా పిల్ల సన్నటి చివర దగ్గర నించుని, బాగున్న కాలితో నేలని తన్ని, అవతలికి ఒరిగింది. దాటింది. ఎవరూ చూడలేదు. ఒక అడుగు పక్కకి జరిగి మళ్లీ దాటింది. ఇంకో అడుగు. ఈసారి తాడు మీద పడి మోచెయ్యి గీరుకుంది. లేచి మోచెయ్యి ఊదుకుని, కాలు ఎక్కడ పెట్టాలో నేల మీద వేలితో గుర్తు పెట్టుకుని, వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. దాటేసింది. ఆ దూకడం ఆయన ఎవరికీ నేర్పిన దూకడం కాదు. పిట్ట ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి వాలినట్టు, పక్కవాటుగా ఉంది.

మాస్టారు వెనక్కి కట్టుకున్న చేతులు వదిలేశారు.

"మాస్టారూ," పరిశీలకురాలు దగ్గరికి వచ్చింది, "ఒక్కసారి మీ పిల్లలకి మీరే ఇలా చెప్పి చూపిస్తారా? ఊరికే, చూద్దామని."

కాదనలేకపోయారు. తన వరసని తాళ్ల దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టారు.

"మీ ఇష్టం వచ్చిన చోట దూకండి."

ఎవరూ కదల్లేదు. చేతులు తొడలకి ఆనించుకుని, గడ్డాలెత్తి ఆయన వంకే చూస్తున్నారు.

"ఊఁ, దూకండి."

ముందు నించున్న పిల్లాడు మెల్లగా అడిగాడు. "ఎవరి ఇష్టం సార్?"

"మీ ఇష్టమేరా!"

"ఎక్కడ ఇష్టం సార్?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "నేనెలా చెబుతాను? మీరే... ఇష్టపడండి! ఊఁ! ఇష్టపడండి!"

అలవాటుగా చెయ్యి ఈలని నోటికి అందించేసింది. ఈల మోగింది. పిల్లలందరూ ఒక్కసారిగా కదిలి, తాళ్లకు సరిగ్గా మధ్య చోట, ఎత్తు ప్రకారం వరస కట్టి, ఒకరి తర్వాత ఒకరు అదే చోట దూకారు. పొట్టివాళ్లు నలుగురు మధ్యలో పడ్డారు. పడ్డవాళ్లు లేచి, తప్పు చేసినట్టు తల దించుకుని వరస చివరకి వెళ్లారు.

పక్కన కొత్త టీచరు పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆవిడ వాళ్లని కోప్పడి, ఆయన దగ్గరికి వచ్చి, "మొదటి రోజు నాకూ ఇలాగే అయింది మాస్టారూ," అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

హెడ్మిస్ట్రెస్ గదిలో పరిశీలకురాలు చాలాసేపు మాట్లాడింది. కొన్ని చూపించే నేర్పాలట. కొన్ని పిల్లలే కనుక్కునేలా వదిలెయ్యాలట. నిప్పంటుకున్నప్పుడు ప్రశ్నలడుగుతూ కూర్చుంటే కుదరదు కదా అంది, వంటషెడ్డు సంగతి విన్నదేమో. రెండూ కావాలి, ఎప్పుడు ఏదన్నదే అసలు సంగతి అంది.

"ఎప్పుడేదో ఎలా తెలుస్తుందండీ?" అని మాస్టారు అడిగారు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆ అడగడం పాఠం గురించి కాదని ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

"అది నాకూ తెలియదండీ," అంది.

బయటికి వస్తూ మాస్టారు కుళాయి దగ్గర మోచెయ్యి కడుక్కుంటున్న ఆ పిల్లని చూసి ఆగారు.

"నీకెవరు నేర్పారే అలా దూకడం?"

"ఎవరూ నేర్పలేదు సార్. టీచర్ ఊరికే ఉన్నారు."

"పోయినేడు నాతో ఎందుకు చెప్పలేదు, నేనూ దూకుతానని?"

"మీరు అడగలేదు కదా సార్. చెప్పుల దగ్గర కూర్చోమన్నారు." నిష్ఠూరంగా అనలేదు. కాస్త గొప్పగానే అంది. "నేనున్నన్నాళ్లూ ఒక్క చెప్పు కూడా పోలేదు సార్."

మాస్టారు ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేశారు.

హెడ్మిస్ట్రెస్‌ని అడిగి పెందరాళే బయల్దేరారు. సైకిలెక్కలేదు. నడిపించుకుంటూ పోతున్నారు. ఎన్నడూ తలవని ఒక పాత సంగతి ఉన్నట్టుండి గుర్తుకొచ్చింది.

పెళ్లయిన కొత్తలో ఆవిడకి సైకిలు నేర్పుదామనుకున్నారు. సీటు వెనక పట్టుకుని, "వెన్ను నిటారు! చూపు ముందుకి! ఎడమ కాలు తొక్కు, ఇప్పుడు కుడి!" అని వీధి వీధంతా వినపడేలా చెప్పేవారు. ఆవిడ 'ఇప్పుడు' అన్నచోటల్లా పడిపోయేది. "నావల్ల కాదు బాబూ," అని వదిలేసింది. అది నిజమే అనుకున్నారు. కొన్నాళ్లకి ఒకరోజు బడి తొందరగా అయిపోయి ఆయన ఇంటికొస్తుంటే, వెనక సందులో పొరుగు పిల్లలు చప్పట్లు కొడుతుండగా ఆవిడ సైకిలు తొక్కుతోంది. వెన్ను వంకరగా, చూపు పక్కకి, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని. ఆయన్ని చూడగానే దిగేసింది. "ఊరికే ఎక్కి కూర్చున్నానండీ," అంది. ఆ తర్వాత ఆయన ముందు మళ్లీ ఎక్కలేదు. ఎప్పుడు నేర్చుకున్నావని ఆయనా అడగలేదు.

పిల్లలు పుట్టలేదు. బడి నిండా పిల్లలేగా అని ఆవిడే ఆయనకి సర్దిచెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడని తను ఏం అడిగారో తలుచుకుంటే ఒక్కటీ గుర్తురావడం లేదు. అన్నం పెట్టు, తలుపు వెయ్యి, పడుకో, చెయ్యి ఎత్తు. గొంతు హెచ్చించి అన్నవి కావవి. ప్రేమగా అన్నవే. అయినా ఒక్కటీ అడగడం కాదు.

ఇవాళ అడుగుతాను అనుకున్నారు. చేతిని పట్టుకోను, ఒకటీ రెండూ అనను. పక్కన కూర్చుని, నీకేం చెయ్యాలనుంది అని అడుగుతాను. ఆవిడేదో అంటుంది. ఆయన్ని ఆటపట్టించే మాటే అంటుంది. అననీ. నీళ్ల గ్లాసు కోసం ఆ చెయ్యి లేవకపోవచ్చు. ఆవిడకి నిజంగా చెయ్యాలని ఉన్నదేదో దాని కోసం లేస్తుందేమో. ఎవరికి తెలుసు, ఆవిడకే తెలుసు.

దారి పొడుగునా గొణుక్కుంటూ ఆ ప్రశ్నని సాధన చేశారు.

"నీకేం చెయ్యాలనుందో చెప్పు."

ఉహూఁ. అది ఆజ్ఞలా ఉంది.

"నీకేం చెయ్యాలనుంది?"

చివర గొంతు పైకి లేవాలి. లేవడం లేదు. ఈలకి ముందు పలికే మాటలా బిగుసుకుపోతోంది. ఇస్త్రీ బండివాడు తల తిప్పి చూశాడు. మాస్టారు సిగ్గుపడి నోరు మూసుకున్నారు. మలుపు తిరిగాక మళ్లీ అందుకున్నారు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త లొంగింది. మెత్తగా, అడిగినట్టే వచ్చింది.

ఇంటి ముందు ఇద్దరు ముగ్గురు నించున్నారు. ఆయన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. పక్క వాటావిడ గుమ్మంలో కూలబడి ఉంది. తడి చేతులు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఇప్పుడే అన్నయ్యగారూ... ఇప్పుడే. బడికి మనిషిని పంపాం, మీరు బయల్దేరిపోయారన్నారు."

ఆయన సైకిలుకి స్టాండు వేశారు. అది సరిగా పడలేదు. మళ్లీ వేశారు.

"బాగానే ఉంది. నాతో కబుర్లు చెప్పింది, మీమీద హాస్యాలాడింది. కుళాయిలో నీళ్లొచ్చాయని బిందెలు పట్టుకోడానికి వెళ్లాను. వచ్చి చూస్తే గోడకి ఆనుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. తలలో నరం మళ్లీ చిట్లిందన్నాడు, వచ్చి చూసిన డాక్టరు. నొప్పి తెలిసుండదన్నాడు. నేను వెళ్లకుండా ఉండాల్సింది అన్నయ్యగారూ..."

మాస్టారు లోపలికి వెళ్లారు. ఆవిడ దిండ్లకి చేరబడి కూర్చునే ఉంది. తల ఒక పక్కకి ఒరిగింది. మూతి వంకర ఇప్పుడు అంతగా తెలియడం లేదు. ఎలా నించోవాలో ఆయనకి తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జీవితమంతా మనుషులకి నించోవడం నేర్పిన మనిషి మంచం కోడు పట్టుకుని నించున్నారు.

దారంతా పట్టుదలగా సాధన చేసి తెచ్చిన మాట వచ్చింది. మెత్తగానే వచ్చింది. వినేవాళ్లు లేరు.

పక్క వాటావిడ లోపలికి వచ్చి, ఆవిడ చేతులు సర్దబోయి, ఆగిపోయింది.

"ఇదేంటన్నయ్యగారూ?"

గుడ్డచుట్ట నేల మీద పడి ఉంది. కుడి చెయ్యి ఆవిడ ఒళ్లో, ముడుచుకోకుండా, సగం తెరిచినట్టుంది. బొటనవేలి గోరుకి పచ్చగా ఏదో అంటుకుని ఉంది. మాస్టారు వంగి చూశారు. తడి ఆరని పచ్చటి పసరు.

"నేను బఠాణీలు వలుద్దామని తెచ్చుకున్నాను," అంది పక్క వాటావిడ నెమ్మదిగా. "ఇంకా మొదలుపెట్టలేదు. నీళ్లొచ్చాయని గిన్నె ఇక్కడే, పక్క మీద పెట్టేసి పరుగెత్తాను. నువ్వు వలువు వదినా అని కూడా అన్లేదు. నేనేం అన్లేదు అన్నయ్యగారూ."

చెయ్యి సర్దడానికి ఆవిడ మళ్లీ వంగబోతే, "వద్దమ్మా," అన్నారు మాస్టారు. "అలాగే ఉండనీ."

ఏ వేలు ముందు కదిలిందో, భుజం వణికిందో లేదో, ఎన్నిసార్లు జారిపోయిందో, చివరికి పట్టు దొరికినప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో, చూసినవాళ్లెవరూ లేరు. అడగడానికీ ఎవరూ లేరు. ఆయన మంచం అంచున కూర్చున్నారు. బయట ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఏవో ఏర్పాట్లు జరుగుతున్నాయి.

పక్క మీద, ఆవిడ మోకాలికి ఆనుకుని, ఇత్తడి గిన్నె నిండా వలవని కాయలు. వాటి మీద చీలికలుగా విప్పిన తొక్కలు రెండు మూడు, నలిగిన గింజలు కొన్ని, నలగనివి కొన్ని, సగం వరకే తెరుచుకున్న ఒక కాయ.